ఒక బాక్సు... మూడు ప్లగ్గులు... 14 ఆంపియర్లు!

ఇంటినిండా చుట్టాలు దిగారంటే ముందుగా ఉక్కిరిబిక్కిరయ్యేది వంటిల్లని అందరూ అనుకుంటారు. మా ఇంట్లో మాత్రం ఆ కష్టం ఎక్స్‌టెన్షన్ బాక్సుకి వచ్చింది. మొన్న డిసెంబరులో మా నాన్నగారి షష్టిపూర్తి రోజు జరిగిన సంగతిది.

తెల్లవారుజామున అయిదు గంటలు. బాత్రూంలో గీజరు ముందురోజు రాత్రే మొరాయించింది. పదిహేను మంది స్నానాలు చేయాలి. పురోహితుడు ఏడింటికల్లా వచ్చేస్తానన్నాడు. మా బావగారు ఊరుకునే మనిషి కాదు. హాల్లో గోడకున్న ప్లగ్గుకి ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి, బాత్రూం గుమ్మం దగ్గర బకెట్టు పెట్టి, అందులో హీటర్ రాడ్ వేశారు. రాడ్‌కి ఉండేవి లావు పిన్నులు. బాక్సులో పట్టవు. దానికో కన్వర్టరు ఎక్కడినుంచో వెతికి తెచ్చారు. 'ప్లగ్గు ఎలాగూ ఉంది కదా' అని మా చెల్లెలు అదే బాక్సుకి ఇస్త్రీపెట్టె తగిలించి పట్టుచీర పరిచింది. వంటింట్లో చోటు లేక మా ఆవిడ కరెంటు కుక్కరు తెచ్చి మూడో రంధ్రాల్లో పెట్టింది. ముగ్గురూ ముగ్గురే!

ఇరవై నిమిషాలు గడిచాయో లేదో... ప్లాస్టిక్ కాలుతున్న వాసన. వెళ్లి చూస్తే బాక్సు ఒక మూల కరిగి, గోధుమరంగుకి తిరిగింది. వైరు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. దానికి జానెడు దూరంలో, చాప మీద దుప్పటి కప్పుకుని మా చెల్లెలి మూడేళ్ల కొడుకు నిద్రపోతున్నాడు.

మెయిన్ ఆపేసి పిల్లాణ్ని ఎత్తుకున్నాక, గుండెదడ తగ్గడానికి పావుగంట పట్టింది. అప్పుడు అందరి నోటా ఒకటే ప్రశ్న... 'ఇంట్లో ఎంసీబీ ఉంది కదా. అదెందుకు పడిపోలేదు?'

తొమ్మిదింటికి మా వీధి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. కరిగిన బాక్సు తిప్పిచూశాడు. మూడు సామాన్ల అడుగునా ఉన్న అక్షరాలు చదివాడు. నోటితోనే ఏదో లెక్క వేసుకుని, ''ఎంసీబీ తప్పేం లేదు సార్. దానికి 14 ఆంపియర్లు ఒక లెక్కలోది కాదు. ఈ బాక్సుకే అది చాలా ఎక్కువ'' అన్నాడు. కాగితం లేదు, కాలిక్యులేటర్ లేదు. ఆ 14 ఎలా వచ్చిందో మాకెవరికీ అర్థం కాలేదు... పదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి తప్ప.

కూడితే తగ్గుతుంది!

ఆ సాయంత్రం భోజనాల సందడి తగ్గాక మా అమ్మాయి ఫిజికల్ సైన్సు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. అందులోలాంటి లెక్కే ఒకటి ఇచ్చింది. 12 వోల్టుల బ్యాటరీ ఉంది. దానికి 4 ఓమ్‌లు, 6 ఓమ్‌లు, 12 ఓమ్‌ల నిరోధాలు మూడింటిని సమాంతరంగా కలిపారు. బ్యాటరీ నుంచి వచ్చే మొత్తం కరెంటు ఎంత?

నేనూ సైన్సు చదువుకున్నవాణ్నే. చకచకా 4, 6, 12 కూడాను. 22. పన్నెండుని 22తో భాగించాను. 0.55 ఆంపియర్లు. ''నాన్నా, అది ఒకదాని వెనక ఒకటి కలిపితే వచ్చే జవాబు. అసలు జవాబు 6'' అని నవ్వింది. అంటే నా లెక్క పదకొండింతలు తప్పన్నమాట!

చాలామంది పిల్లలూ సరిగ్గా ఇక్కడే బోల్తాపడతారు. నిరోధం అంటే అడ్డు. అడ్డుకు అడ్డు కలిపితే అడ్డు పెరగాలి కదా అనిపిస్తుంది. ఒకదాని వెనక ఒకటి వరుసగా కలిపితే, అంటే శ్రేణిలో కలిపితే, అది నిజమే. పక్కపక్కన కలిపితే కథ వేరు.

సెకండ్ షో వదిలాక సినిమాహాలు గుర్తుచేసుకోండి. ఒక్క తలుపే తీస్తే తోపులాట. పక్కన ఇంకో తలుపు తీశారు... అది మొదటిదానికన్నా ఇరుకైనదే అనుకుందాం. అయినా నిమిషానికి బయటపడే జనం పెరుగుతారే తప్ప తగ్గరు. ఇరుకు తలుపు కూడా ఒక దారే. సమాంతరంగా పెట్టిన ప్రతి నిరోధమూ అంతే. అది కరెంటుకి కొత్తగా దొరికిన ఇంకో దారి. అందుకే ఎన్ని కలిపితే మొత్తం నిరోధం అంత తగ్గుతుంది. అన్నిటికన్నా చిన్న నిరోధం ఏదో, మొత్తం దానికన్నా తక్కువే ఉండాలి. పరీక్షలో జవాబు సరిచూసుకోవడానికి ఇంతకన్నా సులువైన కిటుకు లేదు. పై లెక్కలో అన్నిటికన్నా చిన్నది 4. నాకొచ్చిన 22 చూడగానే తప్పని తెలిసిపోవాలి.

మరి 6 ఎలా వచ్చింది? సమాంతరంగా ఉన్నప్పుడు ప్రతి నిరోధం రెండు కొసలూ నేరుగా బ్యాటరీ రెండు కొసలకే తగులుతాయి. కాబట్టి అన్నిటికీ అందే వోల్టేజి ఒకటే... 12. ఇక ఒక్కోదాన్నీ విడిగా చూడటమే. వోల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు. 12ని 4తో భాగిస్తే 3 ఆంపియర్లు. 12ని 6తో భాగిస్తే 2. 12ని 12తో భాగిస్తే 1. మూడూ కూడితే 6. అంతే! మొత్తం నిరోధం కావాలంటే 12ని 6తో భాగిస్తే 2 ఓమ్‌లు.

బడిలో నేర్పేది ఇంకో దారి. 'ఒకటి బై నిరోధం'లన్నీ కూడి, వచ్చినదాన్ని మళ్లీ తిరగేయాలి. పావు, ఆరోవంతు, పన్నెండోవంతు కూడితే అరవంతు. దాన్ని తిరగేస్తే 2. రెండు దార్లూ ఒకటే. కానీ ఆ చివర తిరగేయడం మరచిపోయి, 'మొత్తం నిరోధం అర ఓమ్' అని రాసి వచ్చే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. అందుకే నన్నడిగితే ముందు ఒక్కోదాని కరెంటు కట్టి కూడుకోవడమే మేలంటాను. అందులో తిరగేసే పని లేదు. పైగా ఏ తీగలో ఎంత పారుతోందో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

రెండే నిరోధాలుంటే మరీ సులువు. రెండూ గుణించి, వచ్చినదాన్ని రెండిటి మొత్తంతో భాగించడమే. 6, 3 ఉంటే 18ని 9తో భాగిస్తే 2. అన్నీ ఒకే రకానివైతే ఒకదాని విలువని ఎన్ని ఉన్నాయో ఆ సంఖ్యతో భాగించాలి. 100 ఓమ్‌లవి అయిదు కలిపితే 20.

ఓమ్ మాస్టారి కష్టాలు

ఈ లెక్కలన్నిటికీ మూలపురుషుడు గియోర్గ్ సైమన్ ఓమ్. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో 1789లో పుట్టాడు. కొలోన్‌లో బడిపంతులుగా పనిచేస్తూ, తీగల పొడవులు మార్చి మార్చి కరెంటు కొలిచాడు. వోల్టేజి పెరిగితే అదే నిష్పత్తిలో కరెంటు పెరుగుతుందని 1827లో పుస్తకం రాశాడు. ఇవాళ పదో తరగతి పిల్లలు వల్లెవేసే ఆ సూత్రాన్ని అప్పట్లో సొంత దేశంలోనే పట్టించుకున్నవాళ్లు తక్కువ. మనస్తాపంతో ఆయన ఉద్యోగమే వదిలేశాడు. 1841లో లండన్‌లోని రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చాకగానీ ఆయన విలువ అందరికీ తెలిసిరాలేదు. ఆ తరవాత నిరోధానికి కొలమానంగా ఆయన పేరే పెట్టుకున్నారు.

ఒక కూడలికి వచ్చిన కరెంటంతా ఆ కూడలి నుంచి పోవాల్సిందే, మధ్యలో మాయం కాదు అన్న రెండో సంగతిని 1845లో సూత్రంగా చెప్పినవాడు గుస్టావ్ కిర్కాఫ్. అప్పటికి ఆయన వయసు 21. ఇంకా విద్యార్థే! మనం 3, 2, 1 కూడి 6 అన్నది ఆయన మాట మీదే.

ఇళ్లకు కరెంటు ఇవ్వడం దగ్గరికి వచ్చేసరికి ఇదే పెద్ద చిక్కయి కూర్చుంది. తొలినాళ్లలో వీధుల్లో వెలిగిన ఆర్క్ దీపాల్ని వరుసగా, శ్రేణిలో కలిపేవారు. ఇళ్లలో అది కుదరదు. పక్కింటివాళ్లు దీపం ఆర్పితే మన ఇల్లు చీకటైపోతే ఎలా? ఒకే కేంద్రం నుంచి చిన్న చిన్న దీపాలకు కరెంటు పంచడం అయ్యే పని కాదని విలియం ప్రీస్ వంటి ఇంజినీరే 1879లో తేల్చేశాడు. ఎడిసన్ మాత్రం దీపాల్ని సమాంతరంగా కలపాలని పట్టుబట్టాడు. అలా కలిపితే కరెంట్లన్నీ కూడుకుని తడిసి మోపెడవుతాయి, అంత కరెంటుకి లావుపాటి రాగి తీగలు కావాలి. అందుకని దీపం లోపలి తీగ నిరోధాన్ని బాగా పెంచాడు. ఒక్కో దీపం లాగే కరెంటు తగ్గింది, రాగి ఖర్చూ తగ్గింది. 1882 సెప్టెంబరు 4న న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్ కేంద్రం నుంచి దీపాలు వెలిగాయి. ఇవాళ మన ఇళ్లలోనూ ఫ్యానూ, టీవీ, ఫ్రిజ్, లైటూ అన్నీ సమాంతరంగానే ఉంటాయి. అందుకే ఒకటి ఆపినా మిగతావి నడుస్తాయి.

శ్రేణి ఎలా ఉంటుందో చూడాలంటే పాతకాలం సీరియల్ సెట్టు గుర్తుచేసుకోండి. వినాయకచవితి పందిట్లో మిణుకుమిణుకుమనే చిట్టి బల్బులు... ఒక్కోటీ ఆరు వోల్టులదైతే, దాదాపు 40 బల్బులు వరసగా గుచ్చితేగానీ 230 వోల్టులకు సరిపోవు. అందులో ఒకటి మాడితే వరసంతా చీకటే. మాడిందెక్కడో పట్టుకోవడానికి ఒక్కో బల్బూ పీకి చూస్తూ, నిమజ్జనం దాకా స్టూలు దిగని అన్నయ్య ఒకరు ప్రతి వీధిలోనూ ఉండేవారు!

ఆ 14 ఎక్కడిది?

ఇప్పుడు మా బాక్సు సంగతికి వద్దాం. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. సామాను మీద నిరోధం ఎన్ని ఓమ్‌లో రాయరు. వాట్లు రాస్తారు. వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వచ్చేస్తాయి. మా రాడ్ 1500 వాట్లు... 6.5 ఆంపియర్లు. ఇస్త్రీపెట్టె 1000 వాట్లు... 4.35. కుక్కరు 700 వాట్లు... 3. బాక్సులోని మూడు ప్లగ్గులూ సమాంతరమే కాబట్టి కూడేయడమే. సుమారు 14 ఆంపియర్లు! ఎలక్ట్రీషియన్ ఇంకా సులువుగా కట్టాడు. వాట్లన్నీ కూడితే 3200. దాన్ని 230తో భాగిస్తే 13.9.

మా అమ్మాయి ఊరుకోలేదు. ఓమ్‌లలోనూ కట్టింది. రాడ్ సుమారు 35 ఓమ్‌లు, ఇస్త్రీపెట్టె 53, కుక్కరు 76. మూడూ కలిస్తే 16.5 ఓమ్‌లు. ముగ్గురిలోకీ చిన్నదైన 35లో సగం కూడా లేదు. 230ని 16.5తో భాగిస్తే మళ్లీ అదే 14.

ఇక్కడో చిన్న మాట. రాడ్, ఇస్త్రీపెట్టె, కుక్కరు వంటి వేడిచేసే సామాన్లకు ఈ లెక్క అచ్చంగా సరిపోతుంది. మిక్సీ, ఫ్రిజ్, మోటారు వంటివి ఉత్త నిరోధాలు కావు. వాటికి ఇది ఉజ్జాయింపే. పైగా మోటారు తిరగడం మొదలెట్టే క్షణంలో మామూలుకన్నా చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది.

చాలామంది 'మూడు సామాన్లు పెడితే ఉన్న కరెంటు మూడూ పంచుకుంటాయి' అనుకుంటారు. మా బావగారి నమ్మకమూ అదే. ఇది పెళ్లిభోజనాల్లో లడ్డూలు పంచడం లాంటిది కాదు. మొదటిదాని వాటా తగ్గించి రెండోదానికి ఇవ్వరు. ప్రతి సామానూ 230 వోల్టుల నుంచి తనకు కావలసినంతా లాక్కుంటుంది. ఆ భారమంతా మోయాల్సింది బాక్సు నుంచి గోడదాకా ఉన్న ఆ ఒక్క వైరే.

మా బాక్సు మీద చిన్న అక్షరాలతో 6 ఆంపియర్లని రాసుంది. అంటే 230తో గుణిస్తే 1380 వాట్లు. రాడ్ ఒక్కటే దాన్ని దాటేసింది! లావు పిన్నుల ప్లగ్గు సన్న రంధ్రాల్లో పట్టకుండా చేసింది ఊరికే కాదు. 16 ఆంపియర్ల సామాను 6 ఆంపియర్ల చోట పెట్టొద్దని చెప్పడానికే. ఆ హెచ్చరికని మా కన్వర్టరు నోరు నొక్కేసింది.

ఇరవై వాట్ల సూది

కరెంటు ఎక్కువైతే వైరు ఎందుకు వేడెక్కుతుంది? రాగితీగకూ కొంచెం నిరోధం ఉంటుంది. మా బాక్సు వైరు అయిదు మీటర్లు. పోయేదీ వచ్చేదీ కలిపి పది మీటర్ల తీగ. లావు ముప్పావు చదరపు మిల్లీమీటరు. దాని నిరోధం సుమారు 0.23 ఓమ్. పావు ఓమ్ కూడా లేదు కదా అని తీసిపారేయకండి. పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. 4 ఆంపియర్లప్పుడు 16 ఇంటూ 0.23... నాలుగు వాట్లలోపే. 14 ఆంపియర్లప్పుడు 196 ఇంటూ 0.23... 45 వాట్లు! కరెంటు మూడున్నర రెట్లు పెరిగితే వేడి పన్నెండు రెట్లు పెరిగింది. మేము మిగిలిన వైరుని నీటుగా చుట్టచుట్టి గోడవార పెట్టాం. దాంతో ఆ వేడి బయటికి పోయే దారి కూడా లేకపోయింది.

వైరుకన్నా ప్రమాదం పిన్ను దగ్గర. బాక్సు లోపలి రేకు సాగిపోయి పిన్నుని గట్టిగా పట్టుకోకపోతే అక్కడ 0.1 ఓమ్ నిరోధం ఉందనుకుందాం. 196 ఇంటూ 0.1 అంటే దాదాపు 20 వాట్లు. అదంతా శనగగింజంత చోటులో. రేడియో రిపేరు షాపులో టంకం వేసే సోల్డరింగ్ ఐరన్ ఉంటుంది చూడండి, అది 25 వాట్లు. సీసాన్ని కరిగించే సాధనం దాదాపుగా మా ప్లాస్టిక్ బాక్సులోనే ఉందన్నమాట!

మరి ఎంసీబీ? మా గోడ ప్లగ్గుల లైనుకున్నది 16 ఆంపియర్లది. వచ్చింది 14. అది పడిపోవాల్సిన పనే లేదు. అసలు 16 ఆంపియర్ల ఎంసీబీ 18 దాకా గంటసేపైనా పడకుండా ఉండొచ్చు. 23 దాటితే గంటలోపు పడాలి. దాని తయారీ ప్రమాణమే అది. షార్ట్‌సర్క్యూట్ సంగతి వేరు. రెండు తీగలు ముట్టుకుంటే మధ్యలో నిరోధం దాదాపు ఉండదు. దార్లో ఉన్నది అర ఓమే అయితే 230ని దాంతో భాగించండి... 460 ఆంపియర్లు. అప్పుడు రెప్పపాటులో పడిపోతుంది. అంటే ఎంసీబీ కాపలా కాసేది గోడలోని లావు తీగకి. ఆ తరవాత మనం తగిలించుకునే సన్న వైరు సంగతి దానికి తెలియదు. ఎలక్ట్రీషియన్ ఇది చెప్పినప్పుడు మా ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

పాత ఇళ్లలో ఇంకో తంతు ఉంటుంది. 'ఫీజు ఎగిరిపోయింది' అని పింగాణీ కట్‌అవుట్ పీకి, చేతికి దొరికిన రాగిపోగు ఏదో చుట్టేస్తారు. ఇక అది జన్మలో ఎగరదు. ఇల్లు తగలబడుతున్నా ఎగరదు. ఎంసీబీ తరచూ పడిపోతోందని పెద్దది వేయించుకోవడం కూడా అలాంటి తెలివే. 16 తీసి 32 వేయిస్తే గోడలోని తీగ దానంతటది లావెక్కదు కదా!

ఫ్యాను ఎందుకు నెమ్మదిస్తుంది?

అన్నీ సమాంతరమే, అందరికీ 230 వోల్టులే అన్నాం. మరి పల్లెటూళ్లలో మోటారు వేయగానే లైటు కునికిపాట్లు ఎందుకు పడుతుంది? మిద్దె మీది నీళ్ల ట్యాంకుకి ఒకే సన్న గొట్టం ఉండి, కింద నాలుగు కుళాయిలు తిప్పితే ధార తగ్గుతుంది చూడండి, ఇదీ అంతే. స్తంభం నుంచి ఇంటిదాకా వచ్చే తీగ మాత్రం అందరికీ ఉమ్మడి. అది శ్రేణిలో ఉంది. దాని నిరోధం ఒక ఓమ్ అనుకుంటే, 10 ఆంపియర్లు పారినప్పుడు 10 వోల్టులు దారిలోనే ఖర్చయిపోతాయి. ఇంట్లోకి వచ్చేది 220. లైను చివరి ఇళ్లకు ఈ బాధ ఇంకా ఎక్కువ. అంటే మన ఇంట్లో ఉత్త సమాంతరమూ లేదు, ఉత్త శ్రేణీ లేదు. రెండూ కలిసే ఉన్నాయి. పదో తరగతి పరీక్షలో నాలుగు మార్కుల లెక్కలన్నీ ఈ కలగలుపు బాపతే అని మా అమ్మాయి ఫిర్యాదు.

మీ ఇంట్లో కూడా ఓ ఆదివారం ఈ లెక్క కట్టొచ్చు. పిల్లలకు పెన్నూ కాగితం ఇచ్చి, ఒక్కో సామాను వెనకా ఉన్న వాట్లు రాయమనండి. కెటిల్ 1500, ఇండక్షన్ స్టవ్ 2000, ఎల్ఈడీ బల్బు 9... ఇలా. ఏ బోర్డుకి ఏవి కలిపి నడుస్తాయో చూసి వాటి వాట్లు కూడమనండి. సన్న పిన్నుల బాక్సుకి 1380 గీత. లావు పిన్నుల 16 ఆంపియర్ల గోడ ప్లగ్గుకి 3680. చార్జర్లు, టీవీ, బల్బులు ఎన్ని పెట్టినా ఆ గీత దరిదాపులకు రావు. వేడిచేసే సామాను ఒక్కటి చేరితే లెక్కంతా మారిపోతుంది. వాటిని నేరుగా గోడ ప్లగ్గుకే, ఒక్కోదాన్ని ఒక్కో ప్లగ్గుకే పెట్టాలన్నది మా ఎలక్ట్రీషియన్ మాట. రాడ్ ఆపి, ప్లగ్గు పీకాకే నీళ్లలో చెయ్యి పెట్టాలని కూడా చెప్పి వెళ్లాడు.

కరిగిన బాక్సుని మా ఆవిడ పారేయనివ్వలేదు. బీరువా పక్కన మేకుకి వేలాడదీసింది. కొత్తదాని మీద మా అమ్మాయి ఎర్ర స్కెచ్‌పెన్నుతో '1380' అని పెద్దగా రాసింది. సంక్రాంతికి మళ్లీ వచ్చిన మా బావగారు ఇస్త్రీపెట్టె పట్టుకుని దాని ముందు నిలబడి, ''ఏమ్మా, ఇది వెయ్యే కదా, పెట్టొచ్చా?'' అని కేకేశారు. లోపలినుంచి మా అమ్మాయి అడిగింది... ''మామయ్యా, అందులో ఇప్పటికే ఏమున్నాయో చూసి చెప్పు!''